మాల్టా చూసే వరస: ముందు మ్యూజియం, తర్వాత రాళ్లు, మధ్యలో తోటలు

మాల్టా చాలా చిన్న దేశం. ప్రధాన ద్వీపం ఈ కొస నుంచి ఆ కొసకు 27 కిలోమీటర్లే. గోజో, కొమినో దీవులను కలుపుకున్నా మొత్తం విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లు. ఇంత చిన్న చోటికి ప్రణాళిక ఎందుకులే అనుకుని దిగినవాళ్లే ఇక్కడ ఎక్కువగా నష్టపోతారు. అన్నిటికన్నా ముఖ్యమైన చోటికి టికెట్లు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. ఆదివారం కెథెడ్రల్‌కి వెళ్తే సందర్శకులను లోపలికి పంపరు. జులై మధ్యాహ్నం రాతియుగపు గుడి రాళ్ల మధ్య నిలబడితే పావుగంటకే తల తిరుగుతుంది. ఈ ద్వీపంలో దూరంతో ఇబ్బంది లేదు. దేని తర్వాత ఏది చూడాలన్నదే అసలు లెక్క.

విమానం టికెట్ కంటే ముందు కొనాల్సింది

రాజధాని వాలెట్టాకు దగ్గరలో పావ్లా అనే ఊరుంది. అక్కడ మామూలు ఇళ్ల వరసలో, భూమి కింద హాల్ సఫ్లియేనీ హైపోజియం ఉంది. 1902లో ఇళ్ల కోసం నీటి తొట్లు తవ్వుతుంటే పైకప్పుకు బొక్క పడి బయటపడింది. రాతిని మూడు అంతస్తులుగా తొలిచి చేసిన సమాధుల సముదాయం ఇది. పని మొదలైంది క్రీస్తుకు సుమారు 4000 ఏళ్ల ముందు. దాదాపు 7,000 మంది అస్థికలు ఇక్కడ ఉండేవని అంచనా. కట్టిన గుడిని చూసి, అచ్చం అలాంటి ద్వారబంధాలను, దూలాలను కొండరాతిలోనే చెక్కారు. పైకప్పు మీద ఎర్ర జేగురుతో గీసిన మెలికలు ఇంకా కనిపిస్తాయి.

ఆ జేగురు రంగు వల్లే టికెట్‌కి ఇంత కరువు. మనుషులు వదిలే ఊపిరిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు, ఒంటి వేడి కలిసి గోడల మీద నాచును, సూక్ష్మజీవులను పెంచుతాయి, రంగు పోతుంది. అందుకే గంటకు పదిమందినే పంపుతారు, రోజుకు ఎనిమిది విడతలు. అంటే ఎనభై మంది, అంతే. వేసవికైతే రెండు మూడు నెలల ముందే, ఈ చోట్లను చూసుకునే ప్రభుత్వ సంస్థ హెరిటేజ్ మాల్టా వెబ్‌సైట్‌లో కొనాలి. మీ తేదీల్లో ఏ విడత దొరికిందో చూసుకుని, మిగతా యాత్రంతా దాని చుట్టూ అల్లుకోవడం మంచిది. యాత్ర అంతా ఖరారు చేసుకుని దీన్ని ఎక్కడో ఇరికిద్దామంటే కుదరదు.

దొరకలేదా? ఇంకో దారి ఉంది. మర్నాటి రెండు విడతలకు, సాధారణంగా మధ్యాహ్నం 12, సాయంత్రం 4 గంటలవాటికి, కొన్ని టికెట్లను వాలెట్టాలోని సెయింట్ ఎల్మో కోటలోనూ గోజో మ్యూజియంలోనూ కౌంటర్ దగ్గర అమ్ముతారు. ధర మామూలు టికెట్ కంటే బాగా ఎక్కువ. తలుపు తెరిచే వేళకు ముందే వరసలో ఉండాలి, పది గంటలకు తీరిగ్గా వెళ్తే లాభం లేదు. ఆరేళ్ల లోపు పిల్లలను రానివ్వరు. కెమెరా, ఫోన్, సంచి బయట పెట్టేయాలి. ఆలస్యమైతే మీ విడత మీరు లేకుండానే వెళ్లిపోతుంది, ఇంకో విడతలో కలపరు. కాబట్టి బస్సు మీద భారం వేయకుండా గంట ముందే పావ్లా చేరుకోండి.

రాళ్లకంటే ముందు మ్యూజియం ఎందుకు

మాల్టా గుళ్లలో దొరికిన అసలు శిల్పాలు, చెక్కిన రాళ్లు చాలావరకు గుళ్ల దగ్గర లేవు. వాలెట్టా రిపబ్లిక్ వీధిలోని జాతీయ పురావస్తు మ్యూజియానికి తెచ్చేశారు. తర్షీన్ గుళ్లలో మీకు కనిపించే సుడుల రాళ్లు, నడుము కింది భాగం మాత్రమే మిగిలిన భారీ దేవతా విగ్రహం నకళ్లు. అసలువి ఈ మ్యూజియం కింది అంతస్తులో ఉన్నాయి. ముందు ఇక్కడ ఒకటిన్నర గంట గడిపితే, తర్వాత గుళ్లకు వెళ్లినప్పుడు ఏ బండ ఎక్కడ నిలబడి ఉండేదో మనసులో కూర్చుకోవచ్చు. తిరగేసి చూస్తే బయట ఖాళీ రాళ్లు, లోపల చోటు తెలియని శిల్పాలు మిగులుతాయి.

హైపోజియంలో దొరికిన 'నిద్రిస్తున్న స్త్రీ' బొమ్మ కూడా ఇక్కడే ఉంది. పోస్టర్ల మీద పెద్దగా కనిపిస్తుంది కదా అని అంత విగ్రహం కోసం వెతుకుతూ పక్కనుంచే వెళ్లిపోయేవాళ్లుంటారు. దాని పొడవు 12 సెంటీమీటర్లే, అరచేతిలో పట్టేస్తుంది. మంచం మీద పక్కకు తిరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్న బొద్దు మనిషి. పాదాల వైపు నుంచి, వెనక నుంచి కూడా చూడాలి, మంచం అడుగు భాగం చేసిన తీరు అప్పుడే తెలుస్తుంది.

తర్షీన్ గుళ్లు హైపోజియం నుంచి పది నిమిషాల నడక. ఆ రెండూ ఒకే పూట. హజార్ ఈమ్, ఇమ్నైద్రా గుళ్లు మాత్రం దక్షిణ తీరంలో సముద్రం మీదికి చూస్తూ ఉంటాయి. వాలెట్టా నుంచి 74 నంబరు బస్సు. పై గుడి హజార్ ఈమ్, అక్కడి నుంచి అర కిలోమీటరు దిగితే ఇమ్నైద్రా. దిగడం హాయిగానే ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడే నీడ ఉండదు. తెరవగానే వెళ్లాలి, లేదా మూసే ముందు రెండు గంటలు మిగిలేలా వెళ్లాలి. మనిషికి లీటరు నీళ్లు, టోపీ తప్పనిసరి.

రెండు గుళ్ల రాయిలో తేడా గమనించండి. హజార్ ఈమ్‌ది గ్లోబిజెరీనా సున్నపురాయి. మెత్తటిది, ఉలికి తేలిగ్గా లొంగుతుంది, గాలికీ వానకూ అంతే తేలిగ్గా లొంగిపోతుంది. ఇమ్నైద్రా బయటి గోడలకు వాడింది గట్టి పగడపు సున్నపురాయి, అందుకే అవి అంతగా అరిగిపోలేదు. 2009 నుంచి రెండింటి మీదా పెద్ద గుడారాలు కప్పారు. ఫొటోకి అడ్డమని విసుక్కునేవాళ్లున్నారు గానీ, ఆ గుడారం లేకపోతే మన మనవలకు చూడ్డానికి మిగిలేది తక్కువ. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు విషువత్తు రోజుల్లో సూర్యోదయపు వెలుగు ఇమ్నైద్రా కింది గుడి మధ్య ద్వారం గుండా నేరుగా లోపలికి పడుతుంది. ఆ తెల్లవారుజాముకు ప్రత్యేక టికెట్లు కొద్దిగా అమ్ముతారు. మబ్బు పట్టిందని డబ్బు వెనక్కివ్వరు.

వాలెట్టాలో ఒక రోజు, గంటల వారీగా

అప్పట్లో మాల్టాను ఏలిన సెయింట్ జాన్ క్రైస్తవ యోధుల సంఘం, 1565 నాటి తుర్కుల ముట్టడి తర్వాత, 1566లో కట్టడం మొదలుపెట్టిన ఊరిది. పొడవు కిలోమీటరు మాత్రమే, అంతా నడకే. వీధులు నిట్టనిలువుగా మెట్లతో ఉంటాయి. అరిగి నునుపెక్కిన రాతి మెట్లు వానపడితే జారతాయి, చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేసుకోండి.

ఉదయం తెరవగానే సెయింట్ జాన్స్ కో-కెథెడ్రల్. ఓడల్లో వచ్చే గుంపులు పది దాటాక కమ్ముకుంటాయి. బయటినుంచి ఏదో గోడౌన్‌లా ఉంటుంది. 1577కు పూర్తయిన ఈ కట్టడం లోపల అంగుళం ఖాళీ లేకుండా బంగారు పూత చెక్కడాలు. నేలంతా పరిచినవి ఆ సంఘపు యోధుల సమాధి పలకలే, దాదాపు నాలుగు వందలు. సన్న మడమల చెప్పులు ఆ చలువరాతిని గుంటలు పెడతాయి కాబట్టి అవి వేసుకుని రానివ్వరు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చుడీదారో చీరో అయితే ఏ చిక్కూ లేదు, నిక్కర్లతో వచ్చిన మగవాళ్లనే ఎక్కువగా ఆపుతారు.

పక్కనున్న ఆరేటరీ అనే ప్రార్థన గదిలో ఇటలీ చిత్రకారుడు కారవాజియో 1608లో గీసిన 'సెయింట్ జాన్ శిరచ్ఛేదం' ఉంది. ఐదు మీటర్లకు పైగా వెడల్పు. ఆయన సంతకం ఉన్న చిత్రం ఇదొక్కటే, అదీ మెడనుంచి కారిన నెత్తురులోనే రాసుకున్నాడు. దూరంగా నిలబడితే ఆ సంతకం కనిపించదు, మొదట గది చివరినుంచి మొత్తం బొమ్మ చూసి, తర్వాత తాడు దాకా వెళ్లి కింది భాగం చూడండి. అదే ఏడాది డిసెంబరులో, ఇదే గదిలో, ఈ చిత్రం ఎదుటే ఆయన్ని యోధుల సంఘం నుంచి వెలివేశారు.

పదకొండున్నరకు బయటపడి ఎగువ బరక్కా తోటకు నడవండి, ఐదారు నిమిషాలు. ప్రవేశం ఉచితం. కింద వరసగా ఉన్న ఫిరంగుల్లో ఒకటి మధ్యాహ్నం 12కి, మళ్లీ సాయంత్రం 4కి పేలుస్తారు. కింద ఫిరంగుల దగ్గరికి టికెట్ ఉంది, పైన కమ్మీ దగ్గర నిలబడి చూస్తే పైసా ఖర్చు లేదు. చోటు కావాలంటే ఇరవై నిమిషాల ముందు చేరాలి. చంటిపిల్లలుంటే చెవులు మూయండి, మోత గట్టిగానే ఉంటుంది. ఫొటోలకు మాత్రం 4 గంటలదే మేలు. రేవు ఆగ్నేయంగా ఉంది కాబట్టి పొద్దున ఎండ కళ్లలో కొడుతుంది, సాయంత్రం వెనకనుంచి పడి ఎదుటి ఊళ్ల రాయి తేనెరంగుకు తిరుగుతుంది. ఈ తోట నుంచి 58 మీటర్ల లిఫ్ట్ రేవు ఒడ్డుకు దింపుతుంది. అక్కడినుంచి పడవలో ఎదుటి ఒడ్డుకు వెళ్తే బిర్గూలోని ఇన్‌క్విజిటర్ (మతద్రోహ నేరాలు విచారించే చర్చి అధికారి) భవనం చూడొచ్చు, ఖైదీలు గోడల మీద గీసుకున్న బొమ్మలు ఇంకా ఉన్నాయి.

ఎండ ముదిరిన రెండు గంటలు పురావస్తు మ్యూజియానికి. ఓపిక మిగిలితే నగర ద్వారం పక్కనే స్పాజ్యూ క్రియాత్తివ్. పదహారో శతాబ్దపు బురుజును 2000లో కళాకేంద్రంగా మార్చారు. గ్యాలరీలు, చిన్న సినిమా హాలు, గుండ్రటి నాటకశాల ఉన్నాయి. ఇందులో శాశ్వత ప్రదర్శన లేదు, ఆ వారం ఏముందో చూసుకునే వెళ్లాలి. రెండు ప్రదర్శనల మధ్య ఖాళీ వారంలో వెళ్తే మందపాటి గోడలు తప్ప ఏమీ ఉండవు.

సెయింట్ ఎల్మో కోటలోని యుద్ధ మ్యూజియంలో 1942లో ద్వీపం మొత్తానికి బ్రిటిష్ రాజు ఇచ్చిన జార్జ్ క్రాస్ అనే ధైర్య పతకం ఉంది. మనవాళ్లకు ఒక చిన్న ముడి కూడా ఉంది: 1878లో రష్యాను బెదిరించడానికి బ్రిటిష్‌వారు హిందూదేశం నుంచి మాల్టాకు దింపిన సేనల్లో మద్రాసు పటాలాలూ ఉన్నాయి.

ఊరి బయటి తోటలు

అత్తార్డ్‌లోని సాన్ అంతోన్ తోట దేశాధ్యక్షుడి భవనానికి ఆనుకుని ఉంటుంది, 1882 నుంచి అందరికీ తెరిచారు. నారింజ చెట్లు, నెమళ్లు, పిల్లలకు నీడ. గంట చాలు. దీనికోసం ప్రత్యేకంగా పోనక్కర్లేదు, పాత రాజధాని ఇమ్దీనా వెళ్లే రోజున దారిలో దిగితే సరి. బుస్కెత్ వేరు. అది తోట కాదు, ద్వీపంలో అడవి అనదగ్గ ఒకే ఒక్క చోటు. ఆగస్టులో వెళ్లి ఎండుగడ్డి చూసి పెదవి విరుస్తారు. శీతాకాలపు వానలు పడ్డాకే వాగు పారుతుంది, జనవరి నుంచి ఏప్రిల్ దాకా పచ్చగా ఉంటుంది. జూన్ 28, 29 తేదీల్లో ఇమ్నార్యా పండుగకు మాత్రం ఎండిపోయినా వెళ్లొచ్చు. రాత్రంతా ఆనా అనే జానపద పాట, కుందేలు మాంసం వంటలు.

టికెట్లు, బస్సులు

హెరిటేజ్ మాల్టా వాళ్ల ఉమ్మడి పాస్ 30 రోజులు చెల్లుతుంది, ఒక్కో చోటికి ఒకసారి. హైపోజియం అందులో లేదు. కెథెడ్రల్ వేరే సంస్థది, అదీ లేదు. ఈ రెండూ తీసేసి, మీరు నిజంగా చూడబోయే చోట్ల విడి టికెట్లు కూడి చూసుకోండి. రెండు మూడింటికే అయితే పాస్ దండగ. చాలా చోట్ల మూసే వేళకు అరగంట ముందే లోపలికి పంపడం ఆపేస్తారు. డిసెంబరు 24, 25, 31, జనవరి 1, గుడ్ ఫ్రైడే నాడు సెలవు.

బస్సు టికెట్ రెండు గంటలు చెల్లుతుంది, ఆలోపు వేరే బస్సు మారొచ్చు. స్టాపులో చెయ్యెత్తకపోతే బస్సు ఆగదు. నిండిపోయిన బస్సు చెయ్యెత్తినా ఆగదు. వేసవిలో వాలెట్టా టెర్మినస్‌లోనే ఎక్కితే సీటు దొరుకుతుంది. బోర్డుల మీద ఎక్స్ అక్షరం ఉంటే 'ష' అనీ, చుక్కపెట్టిన సీ ఉంటే 'చ' అనీ చదవండి. క్యూ అక్షరాన్ని గొంతు దగ్గరే మింగేస్తారు, అందుకే హజార్ ఈమ్ గుడికి వెళ్లాలని డ్రైవర్‌ను 'కిమ్' అని అడిగితే అర్థం కాదు, 'ఈమ్' అనాలి. ప్లగ్గులు బ్రిటిష్ తరహా మూడు చదరపు పుల్లలవి, మన గుండ్రటి పుల్లలు దూరవు. శాకాహారులకు ఎక్కడైనా దొరికేది పస్తీత్సీ, రికోటా జున్ను లేదా బఠాణీ కూరిన పఫ్. కొన్నిచోట్ల పిండిలో పందికొవ్వు కలుపుతారు, అడిగి తినండి.

గోజో

జ్గంతీయా గుళ్ల కోసం, విక్టోరియాలోని చితదెల్లా కోట కోసం ఒక పూర్తి రోజు. ప్రధాన ద్వీపం ఉత్తర కొసనున్న చిర్కెవ్వా రేవు నుంచి పెద్ద ఫెర్రీలో 25 నిమిషాలు, కానీ వాలెట్టా నుంచి చిర్కెవ్వాకు బస్సు గంటకు పైనే పడుతుంది. వాలెట్టా నుంచి వేగపు ఫెర్రీ అయితే నేరుగా 45 నిమిషాలు. ఈశాన్య గాలి విసిరిన రోజున ముందు ఆపేసేది దాన్నే, కాబట్టి ఉదయం లేవగానే నడుస్తోందో లేదో చూసుకోండి. పెద్ద ఫెర్రీకి వెళ్లేటప్పుడు డబ్బు అడగరు, తిరిగొచ్చేటప్పుడు గోజోలోని ఇమ్జార్ రేవులో వసూలు చేస్తారు. వేగపు దానికి రెండువైపులా కొనాలి. అందుకని పెద్దదాంట్లో వెళ్లి వేగపుదాంట్లో తిరిగొస్తే ఖర్చు తక్కువ. ఆదివారం సాయంత్రం మాత్రం ఇమ్జార్ దగ్గర కార్ల వరస గుట్ట ఎక్కుతుంది, బస్సులు కూడా అందులోనే ఇరుక్కుంటాయి. ఐదింటికి ముందే రేవుకు దిగండి.