బాక్సర్ రికార్డును చదవడం ఎలా? రాండాల్ఫ్ టర్పిన్ ఉదాహరణగా

వృత్తి బాక్సర్ ఎవరి గురించి చదివినా ముందుగా ఎదురయ్యేవి మూడు అంకెలు: గెలుపులు, ఓటములు, డ్రాలు. ఇంగ్లండ్ మిడిల్ వెయిట్ (ఒక బరువు విభాగం) బాక్సర్ రాండాల్ఫ్ టర్పిన్ పేరు పక్కన ఆ అంకెలు 66, 8, 1గా కనిపిస్తాయి. అంతటితో పేజీ తిప్పేసేవారికి టర్పిన్ కేవలం 64 రోజులు ప్రపంచ ఛాంపియన్‌గా ఉండి కనుమరుగైన మనిషిగానే మిగిలిపోతాడు. ఆ అభిప్రాయం ఆయనకు అన్యాయం చేస్తుందని నా నమ్మకం. బౌట్ల (పోరుల) జాబితాను మొదటి నుంచి వరుసగా, తేదీ, ఊరు, బరువు, ప్రత్యర్థి, ఫలితం తేలిన తీరు అన్నీ కలిపి చదవడం అలవాటు చేసుకుంటే ఏ బాక్సర్ జీవితమైనా మరింత స్పష్టంగా అర్థమవుతుంది.

మొదట, మొత్తాలను నమ్మే ముందు వాటిలో ఏమేమి కలిపారో చూడండి. పైన చెప్పిన 75 బౌట్లలో టర్పిన్ తన చివరి రోజుల్లో బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు లైసెన్సు లేకుండా చేసినవి కూడా ఉన్నాయి. వాటిని వదిలేసిన జాబితాలో లెక్క మారుతుంది. అలాగే ఆయన ఖాతాలో ఉన్న 45 నాకౌట్లలో ప్రత్యర్థి పడిపోయి పది అంకెలు లెక్కించేలోగా లేవలేకపోయినవే కాక, రిఫరీ జోక్యం చేసుకుని పోరు ఆపినవి, ప్రత్యర్థి తన మూలలోని స్టూలు మీద నుంచి లేవకుండా విరమించుకున్నవి కూడా కలిసి ఉంటాయి. కాబట్టి ప్రతి గెలుపు పక్కనా ఉన్న సంక్షిప్త గుర్తును విడిగా చదవాలి.

రెండవది, తొలి బౌట్‌కు ముందు కాలాన్ని చదవండి. టర్పిన్ 1928 జూన్ 7న లెమింగ్టన్ స్పాలో పుట్టాడు. తండ్రి లయొనెల్ బ్రిటిష్ గయానా నుంచి వచ్చి మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడాడు. అక్కడ పీల్చిన విషవాయువు వల్ల దెబ్బతిన్న ఆరోగ్యం కోలుకోక, రాండాల్ఫ్‌కు ఏడాది నిండకముందే మరణించాడు. తల్లి బియాట్రిస్ పిల్లల్ని పెంచింది. అన్నలు డిక్, జాకీ కూడా బాక్సర్లే. ఈ కుటుంబ వివరాలకు రికార్డుతో నేరుగా సంబంధం ఉంది. బ్రిటిష్ టైటిల్ కోసం పోటీపడేవారి తల్లిదండ్రులు ఇద్దరూ తెల్లవారై ఉండాలన్న నిబంధన ఆ దేశంలో దశాబ్దాల పాటు అమలులో ఉండేది. డిక్ టర్పిన్ జాబితాలో 1948 వరకు బ్రిటిష్ టైటిల్ కనిపించకపోవడానికి కారణం ప్రతిభ లేకపోవడమని ఎవరైనా అనుకుంటే పెద్ద పొరపాటు. పోటీ చేసే హక్కే ఆయనకు లేదు. ఆ అడ్డు తొలగిన వెంటనే, 1948 జూన్ 28న విల్లా పార్క్ మైదానంలో విన్స్ హాకిన్స్‌ను ఓడించి, ఆ నిబంధన పోయాక బ్రిటిష్ ఛాంపియన్ అయిన తొలి నల్లజాతి బాక్సర్‌గా నిలిచాడు. ఏ జాబితాలోనైనా గెలుపులు లేని చోటు కనిపిస్తే, ఆ బౌట్లు జరగనిచ్చారా లేదా అని ముందుగా అడగాలి.

మూడవది, ఓటములను గెలుపుల కంటే శ్రద్ధగా చదవండి. టర్పిన్ 1945, 1946 సంవత్సరాల్లో దేశీయ అమెచ్యూర్ టైటిళ్లు గెలిచి, 1946 సెప్టెంబరులో హారింగే అరీనాలో వృత్తి బాక్సింగ్‌లో అడుగుపెట్టాడు. 1948లో ఆల్బర్ట్ ఫించ్ ఆయనను పాయింట్లపై ఓడించాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ స్టాక్ చేతిలో అయిదవ రౌండులో పోరు ముగిసింది. అప్పటికి టర్పిన్ వయసు 20 ఏళ్లు. ఓటమి ఎప్పుడు, ఏ వయసులో, ఎవరి చేతిలో వచ్చిందో చూశాక, తర్వాత ఆ ప్రత్యర్థి పేరు జాబితాలో మళ్లీ ఎక్కడైనా వచ్చిందేమో వెతకండి. 1950 ఏప్రిల్‌లో ఫించ్, టర్పిన్ అన్న డిక్ నుంచి బ్రిటిష్ టైటిల్ తీసుకున్నాడు. అక్టోబరులో తమ్ముడు రాండాల్ఫ్ అదే ఫించ్‌ను అయిదవ రౌండులో నాకౌట్ చేసి ఆ టైటిల్‌ను తిరిగి ఇంటికి తెచ్చాడు. 1951లో స్టాక్‌ను కూడా ఓడించాడు. స్టాక్ చేతిలో ఓడిన నాటి నుంచి 1951 సెప్టెంబరులో న్యూయార్క్‌లో అమెరికా బాక్సర్ షుగర్ రే రాబిన్సన్ చేతిలో ఓడే వరకు, దాదాపు మూడేళ్ల పాటు ఆయన జాబితాలో ఓటమి లేదు. 1951 ఫిబ్రవరిలో లూక్ వాన్ డామ్‌ను 48 సెకన్లలో పడగొట్టి యూరోపియన్ టైటిల్ గెలిచాడు. ఈ వరుసను చూసిన తర్వాత అదే ఏడాది జూలైలో లండన్‌లో రాబిన్సన్‌పై సాధించిన విజయం గాలివాటంగా వచ్చిందని అనడం కష్టం.

నాలుగవది, ప్రత్యర్థి జాబితాను పక్కన పెట్టుకోండి. ఈ పనిని చాలామంది చేయరు, కానీ బాక్సింగ్‌లో ఇంతకన్నా విలువైన అలవాటు లేదు. 1951 జూలై 10న లండన్‌లోని ఎర్ల్స్ కోర్టు అరీనాలో టర్పిన్ ఎదుట నిలబడిన షుగర్ రే రాబిన్సన్ ఖాతాలో అప్పటికి 128 గెలుపులు, 2 డ్రాలు, ఒకే ఒక్క ఓటమి ఉన్నాయి. ఆ ఓటమి 1943లో జేక్ లామోటా చేతిలో వచ్చింది. అదే లామోటాను 1951 ఫిబ్రవరిలో ఓడించి రాబిన్సన్ మిడిల్ వెయిట్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. అయితే అదే జాబితాలో తేదీలు కూడా ఉన్నాయి: యూరప్ పర్యటనలో వరుస బౌట్లు ఆడుతూ వచ్చిన రాబిన్సన్, లండన్ పోరుకు 16 రోజుల ముందే బెర్లిన్‌లో రింగ్‌లో ఉన్నాడు. పైగా ఆయన అంతకుముందు వెల్టర్ వెయిట్ (మిడిల్ వెయిట్‌కు కింది విభాగం) ఛాంపియన్; సహజంగా టర్పిన్ కంటే తేలికైనవాడు.

ఈ రెండు వాస్తవాలనూ ఒకేసారి మనసులో ఉంచుకోవాలి. అలసట రాబిన్సన్ ప్రదర్శనను కొంత వివరిస్తుంది, కానీ మొత్తాన్ని వివరించదు. ఆ పోరు దృశ్యాలు దొరికితే, మొదటిసారి చూసేటప్పుడు రాబిన్సన్‌ను పట్టించుకోకుండా టర్పిన్ పాదాలను, ఎడమ చేతిని మాత్రమే గమనించండి. కాళ్లు బాగా ఎడంగా పెట్టి, కొంచెం వంగి నిలబడి, అనుకోని కోణం నుంచి జాబ్ (ముందు చేతితో వేసే సూటి పంచ్) విసురుతాడు. రాబిన్సన్ దగ్గరికి వస్తే భుజబలంతో పట్టి ఆపుతాడు. వరుసగా పంచ్‌లు కురిపించడానికి రాబిన్సన్‌కు కావలసిన దూరాన్ని 15 రౌండ్ల పాటు దొరకనివ్వలేదు. రెండవసారి చూసేటప్పుడు రాబిన్సన్‌ను చూడండి. ఏడవ రౌండులో తలలు ఢీకొని కంటి దగ్గర చీరుకున్న తర్వాత ఆయన లయ ఎలా మారిందో తెలుస్తుంది.

అయిదవది, తీర్పు ఎవరిదో తెలుసుకోండి. ముగ్గురు జడ్జీలు విడివిడిగా మార్కులు వేసే పద్ధతికి అలవాటుపడిన మనకు ఆనాటి బ్రిటన్ పద్ధతి వింతగా ఉంటుంది. అక్కడ రిఫరీ ఒక్కరే నిర్ణేత. ఎర్ల్స్ కోర్టులో చివరి గంట మోగగానే రిఫరీ యూజీన్ హెండర్సన్ నేరుగా టర్పిన్ చేయి పైకెత్తాడు. కాబట్టి పాయింట్లపై వచ్చిన ఫలితం ఎదురైనప్పుడల్లా అది ఏ దేశంలో, ఏ నిబంధనల కింద వచ్చిందో చూడకుండా, స్వల్ప తేడా అనో భారీ తేడా అనో తీర్మానించకూడదు.

ఆరవది, రెండు బౌట్ల మధ్య విరామాన్ని లెక్కపెట్టండి. ఒప్పందంలోని తిరుగు పోరు నిబంధన ప్రకారం టర్పిన్ 1951 సెప్టెంబరు 12న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో రాబిన్సన్‌ను మళ్లీ ఎదుర్కొన్నాడు. 23 ఏళ్ల యువకుడికి ప్రపంచ కీర్తి వచ్చిపడిన రెండు నెలల్లోనే, పరాయి దేశంలో, 61,000 మందికి పైగా ప్రేక్షకుల ముందు ఆ పోరు జరిగింది. పదవ రౌండు వరకు పోటీ సమంగానే సాగిందని దృశ్యాలు చూసినవారికి అనిపిస్తుంది. ఆ రౌండులో రాబిన్సన్ కంటి దగ్గర మళ్లీ రక్తం కారింది. గాయంతో పోరు ఆపేస్తారన్న భయంతో ఆయన సర్వశక్తులూ ఒడ్డాడు. టర్పిన్ పడి లేచాడు, తాళ్లకు ఆనుకుని దెబ్బలు తిన్నాడు. రౌండు ముగియడానికి 8 సెకన్లు ఉండగా రిఫరీ రూబీ గోల్డ్‌స్టీన్ పోరు ఆపాడు. ఆ 8 సెకన్ల గురించి ఇంగ్లండ్‌లో ఏళ్ల తరబడి వాదనలు జరిగాయి. అయితే అంతకు కొద్ది రోజుల ముందే జార్జీ ఫ్లోరెస్ అనే యువ బాక్సర్ న్యూయార్క్‌లోనే రింగ్‌లో తగిలిన దెబ్బలతో మరణించాడు. ఆ మరణం తాజాగా ఉన్న నగరంలో, తనను తాను కాపాడుకోలేకపోతున్న మనిషిని చూసి రిఫరీ జోక్యం చేసుకోవడం సరైన పనేనని నేను భావిస్తాను.

ఏడవది, బరువును అనుసరించండి. మిడిల్ వెయిట్ పరిమితి 160 పౌండ్లు, అంటే సుమారు 72.6 కిలోలు, లైట్ హెవీ వెయిట్ పరిమితి 175 పౌండ్లు. 1952లో టర్పిన్ లైట్ హెవీ విభాగంలోకి వెళ్లి డాన్ కాకెల్‌ను ఓడించి బ్రిటిష్ టైటిల్ గెలిచాడు. మళ్లీ కిందికి దిగి 1953 జూన్‌లో ఛార్లెస్ హ్యూమెజ్‌పై గెలిచి, అక్టోబరులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఖాళీగా ఉన్న ప్రపంచ టైటిల్ కోసం కార్ల్ ఓల్సన్‌తో 15 రౌండ్లు పోరాడి ఓడిపోయాడు. ఒక బాక్సర్ రెండు విభాగాల మధ్య తిరుగుతుంటే, కింది విభాగానికి బరువు తగ్గించుకోవడంలో ఎంత శక్తి పోయిందన్న ప్రశ్నను ఆ బౌట్ పక్కన రాసుకోండి.

తర్వాతి ఓటములు త్వరగా చదివేయవచ్చు: 1954లో రోమ్‌లో టిబెరియో మిత్రి చేతిలో తొలి రౌండులోనే, 1955లో గార్డన్ వాలెస్ చేతిలో, 1956లో జర్మనీలో హాన్స్ స్ట్రెట్జ్ చేతిలో, 1958లో యోలాండ్ పాంపే చేతిలో. ఎనిమిది ఓటముల్లో ఆరు 1951 సెప్టెంబరు నుంచే వచ్చాయన్నది అన్నిటికన్నా గమనించవలసిన సంగతి.

చివరిగా, జాబితాలో లేని డబ్బు సంగతి విడిగా చదవండి. టర్పిన్ సంపాదనలో కొంత నార్త్ వేల్స్‌లోని గ్రేట్ ఓర్మ్ కొండ మీది హోటల్‌లోకి వెళ్లింది. పన్ను బకాయిలు వెంటాడాయి. 1962లో దివాలా ప్రకటించారు. బతుకుదెరువు కోసం కుస్తీ ప్రదర్శనలు కూడా ఇచ్చాడు. లైసెన్సు లేని చివరి బౌట్లు ఆ కాలానివే కనుక, వాటిని కేవలం గెలుపులుగా లెక్కించి ఊరుకోకూడదు. 1966 మే 17న, 37 ఏళ్ల వయసులో లెమింగ్టన్‌లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. 2001లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కింది. అదే ఏడాది వార్విక్ మార్కెట్ స్క్వేర్‌లో ఆయన విగ్రహం వెలిసింది.

ఈ పద్ధతిని సాధన చేయడానికి మరో ఇద్దరు ఇంగ్లిష్ మిడిల్ వెయిట్ల జాబితాలు బాగా ఉపకరిస్తాయి. టెర్రీ డౌన్స్ 1961 జూలైలో పాల్ పెండర్ నుంచి ప్రపంచ టైటిల్ తీసుకుని మరుసటి ఏడాది ఏప్రిల్‌లో బోస్టన్‌లో ఆయనకే కోల్పోయాడు. అలన్ మింటర్ 1980 మార్చిలో లాస్ వేగాస్‌లో వీటో ఆంట్యువోఫెర్మోను ఓడించి, సెప్టెంబరులో వెంబ్లీలో మార్విన్ హాగ్లర్ చేతిలో మూడవ రౌండులో టైటిల్ పోగొట్టుకున్నాడు. పెండర్ జాబితాతో, హాగ్లర్ జాబితాతో మొదలుపెట్టి, తేదీలు, ఊళ్లు, పోరు ఆగిన తీరు రాసుకున్న తర్వాతే ఈ ఇద్దరి మొత్తాలను చూడండి.