చిన్న కొనుగోలు బిల్లు ఎక్కడ ఆగుతోంది? కార్యాలయ సిబ్బందికి సమస్య - పరిష్కారం

ప్రింటరుకు టోనరు, నాలుగు రీముల తెల్ల కాగితం, ఎండలు ముదరకముందే మార్చవలసిన కూలర్ గడ్డి వంటివి అనంతపురం జిల్లాలోని ఏ ప్రభుత్వ కార్యాలయానికైనా ఏటా తప్పని ఖర్చులు. వీటి విలువ స్వల్పమే అయినా, ఆ డబ్బు సుభాష్ రోడ్డులోని దుకాణదారుకు చేరేసరికి ఒక్కోసారి నెలలు గడుస్తాయి. ఆలస్యానికి ట్రెజరీని తప్పుపట్టడం మనకు అలవాటే కాని, సీఎఫ్ఎంఎస్‌లో (రాష్ట్ర ప్రభుత్వ బిల్లులు, చెల్లింపులు నడిచే ఆన్‌లైన్ వ్యవస్థ) బిల్లు నడిచిన దారిని వెనుక నుంచి పరిశీలిస్తే, చిక్కుముడి చాలాసార్లు వస్తువు కొనకముందే మన సెక్షన్‌లోనే పడి ఉంటుంది.

సమస్య: బిల్లు నమోదు చేయబోతే నిధులు లేవని చూపుతోంది.

వార్షిక కేటాయింపు కాగితాన్ని చూసి కొనుగోలు చేయడమే దీనికి ప్రధాన కారణం. బడ్జెట్ విడతలవారీగా విడుదలవుతుంది కాబట్టి, ఏడాదికి కేటాయించిన మొత్తం ఈ రోజు వాడుకోవడానికి ఉన్నట్టు కాదు. పద్దు తప్పుగా ఎంచుకోవడం రెండో కారణం. కార్యాలయ ఖర్చుల పద్దు 130లో 131 తపాలా, టెలిఫోను ఖర్చులకు, 132 ఇతర కార్యాలయ ఖర్చులకు, 133 నీటి, విద్యుత్ చార్జీలకు ఉద్దేశించినవి. టోనరు, కాగితం 132 కిందికి వస్తాయి. కొనుగోలుకు అనుమతి కోరే నోట్‌లోనే పద్దు సంఖ్యను, ఆ రోజు సీఎఫ్ఎంఎస్‌లో కనిపించిన నిల్వను రాసి డీడీఓ (నిధులు డ్రా చేసే అధికారం ఉన్న అధికారి) సంతకం తీసుకుంటే ఈ రెండు పొరపాట్లూ అక్కడికక్కడే బయటపడతాయి.

సమస్య: ట్రెజరీ అభ్యంతరం తెలిపి బిల్లును తిప్పి పంపింది.

ముందు తేదీలను సరిచూడాలి. ముందుగా వస్తువు తెచ్చుకొని, తీరిక దొరికినప్పుడు శాంక్షన్ ప్రొసీడింగ్స్ (అనుమతి ఉత్తర్వు) రాసుకునే కార్యాలయంలో ఇన్వాయిస్ తేదీ అనుమతి తేదీకి ముందే ఉంటుంది, దానిని ఏ ఆడిటరూ ఉపేక్షించడు. నోట్, అనుమతి, కొనుగోలు, స్టాక్ రిజిస్టరులో నమోదు, దాని పేజీ సంఖ్యతో ఇన్వాయిస్‌పై ధ్రువీకరణ, చివరగా బిల్లు అన్న వరుస తప్పకుంటే, మేకర్ (బిల్లు తయారుచేసే ఉద్యోగి) నమోదు చేసిన వివరాలను చెకర్ (సరిచూసేవారు), సబ్‌మిటర్ (ట్రెజరీకి పంపేవారు) పోల్చి చూడడం కొద్ది నిమిషాల పని.

ఒకే వారంలో ఒకే దుకాణం నుంచి ఒకే రకం వస్తువులకు మూడు బిల్లులు వెళ్లినా అనుమానం సహజం. పై అధికారి అనుమతి తప్పించుకోవడానికి అవసరాన్ని ముక్కలు చేయరాదని కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2017లోని 157వ నియమం స్పష్టంగా చెబుతోంది. మూడు నెలల అవసరాన్ని ఒకేసారి అంచనా వేసి ఒకే అనుమతి తీసుకోవడం నిబంధనకూ సరిపోతుంది, పనీ తగ్గుతుంది. అయితే అదే నియమావళిలో కొటేషన్లు లేని కొనుగోలుకు సంబంధించిన 154వ నియమాన్ని రాష్ట్ర కార్యాలయాల ప్రొసీడింగ్స్‌లో ఉటంకించడం సరికాదు. అది కేంద్ర కార్యాలయాలకు వర్తించేది. మొదట 25,000 రూపాయలుగా ఉన్న దాని పరిమితి కూడా తరువాత సవరణకు లోనైంది. రాష్ట్ర కార్యాలయానికి రాష్ట్ర ఆర్థిక శాఖ ఉత్తర్వులూ, తమ శాఖాధిపతి అప్పగించిన అధికారాలూ ఆధారం కావాలి.

సమస్య: బిల్లు పాసైంది, దుకాణదారుకు డబ్బు చేరలేదు.

సీఎఫ్ఎంఎస్‌లో బిల్లు సంఖ్యతో స్థితిని చూడాలి. నిధుల విడుదల కోసం వేచి ఉన్నదైతే కార్యాలయం చేయగలిగింది లేదు, ఆ మాట దుకాణదారుకు ఉన్నదున్నట్టు చెప్పడం మర్యాద. చెల్లింపు విఫలమై తిరిగి వచ్చినదైతే మాత్రం బ్యాంకు వివరాలను అనుమానించాలి. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో 2020 ఏప్రిల్ 1న విలీనమయ్యాయి. కడప కేంద్రంగా పనిచేసిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. రాయలసీమలో చిన్న వ్యాపారుల ఖాతాలు ఈ బ్యాంకుల్లో చాలానే ఉన్నందున, సీఎఫ్ఎంఎస్‌లో ఎప్పుడో నమోదైన లబ్ధిదారు (అంటే దుకాణదారు) వివరాల్లో పాత ఐఎఫ్ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడ్) మిగిలిపోయే అవకాశం ఎక్కువ. కొత్త పాస్ పుస్తకం మొదటి పేజీ నకలు లేదా రద్దు చేసిన చెక్కు తీసుకొని, ముందు లబ్ధిదారు వివరాలను సవరింపజేసి, ఆ తరువాతే చెల్లింపును మళ్లీ పంపాలి.

సమస్య: దుకాణదారుకు రెండు శాతం తక్కువ పడింది.

జీఎస్టీ టీడీఎస్ (చెల్లింపులోంచే పన్ను కోసుకునే) నిబంధనను చిన్న బిల్లుకూ వర్తింపజేయడమే ఇందుకు కారణం. పన్ను మినహా ఒప్పందం విలువ 2,50,000 రూపాయలు దాటినప్పుడే ఆ కోత వర్తిస్తుంది. కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాలపై నిర్ణీత శాతం పన్ను కట్టే జీఎస్టీ పద్ధతి) ఉన్న వ్యాపారి బిల్ ఆఫ్ సప్లయ్ (పన్ను చూపని బిల్లు) మాత్రమే ఇవ్వాలి, అందులో పన్ను విడిగా చూపితే బిల్లును మార్చి తెమ్మని అడగవలసిందే.

సమస్య: ఫ్యూజు పోయినా, కుళాయి విరిగినా గుమాస్తా సొంత జేబులోంచి ఖర్చు పెడుతున్నాడు.

పర్మనెంట్ అడ్వాన్స్ (కార్యాలయం చేతిలో ఉంచుకునే స్థిర నగదు) ఉన్నది ఇటువంటి ఖర్చులకే. అది ఎప్పుడూ ఖాళీగా ఉంటే, మొత్తం చాలకపోవడం కన్నా వోచర్లు పోగుపడే దాకా రికూప్‌మెంట్ బిల్లు (ఖర్చైన మొత్తాన్ని తిరిగి రాబట్టేది) పెట్టకపోవడమే తరచుగా కారణమవుతుంది. నెలకొకసారి తేదీ నిర్ణయించుకొని బిల్లు పంపాలి. నగదు రసీదు 5,000 రూపాయలు దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి. చెల్లించిన ప్రతి వోచరుపై రద్దు ముద్ర వేయాలి, లేకుంటే అదే కాగితం రెండోసారి బిల్లులోకి వెళ్లవచ్చు. ఇలా నెలవారీగా పంపే కార్యాలయానికి మార్చి చివరి వారంలో పంపవలసిన వోచర్లు ఆ నెలవి మాత్రమే ఉంటాయి.