హైస్కూల్లో ఆరోగ్యం, జీవన నైపుణ్యాల క్లాసు ఎలా చెప్పాలి? చీటీల డబ్బాతో మొదలుపెట్టండి

మా బడి విజయవాడలో, సింగ్‌నగర్ వైపు. నేను బయాలజీ చెబుతాను. దానితో పాటు ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారానికో పీరియడ్ వేరే విషయాలకు కేటాయిస్తాను: ఒంట్లో వచ్చే మార్పులు, కోపం, భయం, స్నేహాలు, ఫోను, తిండి, మత్తు. మొదటి ఏడాది చేసిన తప్పు ముందే చెప్తాను. ఎదుగుదల పాఠాన్ని పుస్తకంలో ఉన్నట్టే బోర్డు మీద రాసి, బొమ్మ గీసి, నోట్స్ ఇచ్చి, చివర్లో "డౌట్లు ఉన్నాయా?" అని అడిగాను. క్లాసంతా తల దించుకుని కూర్చుంది, ఒక్కరూ నోరు విప్పలేదు. డౌట్లు లేక కాదు, అందరి ముందూ ఎవరు అడుగుతారు? అప్పట్నుంచి నా క్లాసులో ముందు పిల్లల ప్రశ్నలు, తర్వాతే పాఠం.

టైమ్‌టేబుల్లో పీరియడ్ రాయించుకోండి

"ఖాళీ ఉన్నప్పుడు చెబుదాంలే" అనుకుంటే ఆ ఖాళీ ఎప్పటికీ రాదు, సిలబస్ మిగిలిందని ఎవరో ఒకరు తీసేసుకుంటారు. హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడేటప్పుడు ఒక ఆధారం చూపించండి. 2020లో కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ కింద స్కూల్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కార్యక్రమం మొదలుపెట్టింది. స్కూలుకు ఇద్దరు టీచర్లు, వీలైతే ఒక మేడం, ఒక సార్, 11 అంశాల మీద వారానికో గంట చెప్పాలన్నది దాని పద్ధతి. అందులో మానసిక ఆరోగ్యం, ఆడామగా సమానత్వం, మత్తు పదార్థాలు, ఇంటర్నెట్ జాగ్రత్తలు అన్నీ ఉన్నాయి. కాబట్టి ఇది మీరు సొంతంగా నెత్తికెత్తుకున్న పని కాదు.

తర్వాత పేరెంట్స్ మీటింగ్. "మా పిల్లలకు లేనిపోనివి నేర్పుతారా మేడం?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, వాళ్ల భయం వాళ్లది, కోప్పడకండి. నేనైతే ఇలా అంటాను: మన వైపు ఆడపిల్లకు ఓణీల ఫంక్షన్ చేస్తాం, మగపిల్లాడికి పంచెల ఫంక్షన్ చేస్తాం, బంధువులందర్నీ పిలిచి భోజనాలు పెడతాం, అసలు ఒంట్లో ఏం మారుతోందో మాత్రం ఆ బిడ్డకు ఎవరం కూర్చోబెట్టి చెప్పం, ఆ ఒక్క పనీ నేను చేస్తాను. ఈ మాట తల్లులకు వెంటనే అర్థమవుతుంది. ఏ వారం ఏం చెబుతున్నారో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, దాచిపెట్టినట్టు ఉండకూడదు.

చీటీల డబ్బా

చెప్పుల అట్టపెట్టె ఒకటి తెచ్చి పైన సన్నగా కోయండి. అందరికీ ఒకే సైజు తెల్లకాగితం ఇవ్వండి, అందరూ నీలం పెన్నుతోనే రాయాలి. అన్నిటికంటే ముఖ్యమైన విషయం: ప్రశ్న లేనివాళ్లు కూడా ఏదో ఒకటి రాయాలి. "నాకు డౌట్ లేదు" అని రాసినా సరే, పొద్దున ఏం తిన్నారో రాసినా సరే. లేకపోతే కొంతమంది మాత్రమే రాస్తుంటే పక్కనున్నవాడు చూస్తాడు, ఆ పిల్ల రాసేది ఆపేస్తుంది. అందరి తలలూ ఒకేసారి వంగాలి, అన్ని చీటీలూ ఒకేలా మడవాలి.

ఆ డబ్బాను క్లాసులో అప్పటికప్పుడు తెరవకండి. ఇంటికి తీసుకెళ్లి చదవండి. చేతిరాత గుర్తుపడతాం, అది తప్పదు, కానీ "ఇది నీదేనా?" అని కంటితో కూడా అడగకూడదు. ఒకలాంటి ప్రశ్నలన్నీ కలిపి మీ మాటల్లో తిరిగి రాసుకుని క్లాసులో చదవండి, అసలు చీటీలు చింపేయండి. ఏ చీటీలోనైనా దెబ్బల గురించో, ఎవరైనా తాకడం గురించో, చచ్చిపోవాలని ఉందనో కనిపిస్తే మాత్రం చింపకూడదు. దాని సంగతి కింద చెప్తాను.

జవాబు చెప్పేటప్పుడు గొంతు మార్చకండి

మగపిల్లల చీటీల్లో ఎక్కువగా వచ్చేది నరాల బలహీనత. గోడల మీద, బస్టాండ్ల దగ్గర అంటించే ప్రకటనలు చూసి, నిద్రలో వీర్యం పోతే ఏదో పెద్ద జబ్బని నెలల తరబడి టెన్షన్ పడుతుంటారు. అది జబ్బు కాదు, ఆ వయసులో మామూలే, దానికి మందు అక్కర్లేదు అని ఆ మాటల్లోనే చెప్పండి. ఆడపిల్లలు నెలసరి సరిగ్గా రావట్లేదని అడుగుతారు. మొదటి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అవడం సహజమనీ, రక్తం మరీ ఎక్కువగా పోతున్నా, నొప్పితో బడి మానాల్సి వస్తున్నా డాక్టరుకు చూపించాలనీ, ప్యాడ్ నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలనీ చెప్పండి. పచ్చడి జాడీ ముట్టుకుంటే పచ్చడి పాడవుతుందా అని ఒక అమ్మాయి రాసింది. పాడవదు, తడి చెయ్యో తడి గరిటో పెడితే పాడవుతుంది, అది ఎవరు పెట్టినా పాడవుతుంది అన్నాను. క్లాసంతా నవ్వింది, బిగుసుకుపోయిన గది వదులైంది.

అమ్మాయిల్నీ అబ్బాయిల్నీ కలిపి చెప్పాలా, విడిగానా? నా అనుభవంలో మొదటి క్లాసు విడిగా, రెండోది కలిపి. ఎప్పుడూ విడిగానే చెబితే అది దాచాల్సిన విషయమనే అనుకుంటారు.

తిండి గురించి ఎక్కువ పాఠం అక్కర్లేదు. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర అన్నం తిన్నాకే వేసుకోవాలి, వెంటనే టీ తాగకూడదు, విరేచనం నల్లగా వస్తే భయపడక్కర్లేదు. ఈ మూడూ చెబితే మాత్రలు కిటికీలోంచి బయటికి పోవు.

భయం గురించి మాట్లాడాలంటే వాళ్ల భయంతోనే మొదలుపెట్టండి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి మా వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ తర్వాత చాలా నెలలు, గట్టిగా వాన మొదలైతే చాలు, పిల్లలు బోర్డు వదిలి కిటికీ వైపు చూసేవాళ్లు. ఒకరోజు పాఠం ఆపి "ఆ రాత్రి మీరు డాబా మీదికి ఏం మోసుకెళ్లారు?" అని అడిగాను. ఒకడు నానమ్మ బీపీ మాత్రల డబ్బా, ఒకమ్మాయి తమ్ముణ్ణి, ఇంకొకడు గ్యాస్ సిలిండరు, వాళ్ల నాన్నతో కలిసి. భయం గురించి చెప్పమంటే చెప్పనివాళ్లు, ఏం చేశారో అడిగితే పీరియడ్ మొత్తం చెప్పారు. ఆ తర్వాతే గుండె దడగా ఉన్నప్పుడు ఊపిరి నెమ్మదిగా ఎలా వదలాలో చేయించాను. మీ ఊళ్లో వరద ఉండకపోవచ్చు, గుంటూరులో మిర్చి సీజన్లో అమ్మానాన్నలు పనికి పోయాక ఇంట్లో ఒంటరిగా ఉండే పిల్లలుంటారు, ఏ ఊరికి ఆ ఊరి భయం ఉంటుంది. అడిగి తెలుసుకోండి.

"వద్దు" అనడం నోటికి అలవాటు చేయించండి

సిగరెట్ చెడ్డదని అందరికీ తెలుసు. తెలియందల్లా "ఒక్క దమ్మేరా, ఏం కాదు" అని స్నేహితుడు అన్నప్పుడు స్నేహం చెడకుండా ఏమనాలో. ఇద్దరిద్దర్ని నిలబెట్టి ఆ సీన్ వేయించండి, మూడుసార్లు బతిమాలాలి, మూడుసార్లూ కాదనాలి. ఫొటో పంపమని ఫోన్లో ఒత్తిడి చేసే సీన్ కూడా ఇలాగే. ఫొటో బయటికి వెళ్లినా, డబ్బు పోయినా తప్పు మోసపోయినవాళ్లది కాదనీ, మెసేజులు చెరపకుండా పెద్దవాళ్లకు చూపించాలనీ, సైబర్ ఫిర్యాదుకు 1930 ఉందనీ చెప్పండి.

ఒక బిడ్డ మీ దగ్గరికొచ్చి చెప్పినప్పుడు, లేదా చీటీలో రాసినప్పుడు

"మేడం, ఎవరికీ చెప్పనంటేనే చెప్తాను" అంటారు. నేను ఒకసారి సరేనన్నాను, తర్వాత మాట తప్పాల్సి వచ్చింది, ఆ పిల్ల నాతో చాలా రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ముందే చెప్పేస్తాను: "నువ్వు క్షేమంగా ఉండటానికి ఎవరికి చెప్పాలో వాళ్లకే చెప్తాను, ఇంకెవరికీ చెప్పను." 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయాలని 2012 పోక్సో చట్టం చెబుతోంది, తెలిసీ చెప్పకపోవడం నేరం. మీరు విచారణ చేయకండి, గుచ్చి గుచ్చి అడగకండి, బిడ్డ అన్న మాటలు అన్నట్టే రాసిపెట్టుకోండి. స్టాఫ్ రూములో ఆ సంగతి ఎత్తకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416, ఇరవై నాలుగ్గంటలూ ఉచితం. చచ్చిపోవాలని ఉందన్న బిడ్డను ఒంటరిగా వదలకుండా పక్కనే ఉండి ఇంటివాళ్లను పిలిపించండి. ఈ నంబర్లు క్లాసు గోడ మీద రాయించండి, అవసరమైనవాడు వచ్చి అడగలేడు.

మార్కులు పెట్టకండి, డబ్బా మళ్లీ పెట్టండి

జూలైలో పెట్టిన డబ్బా ఫిబ్రవరిలో మళ్లీ పెట్టండి, ఏం చెప్పామో అప్పుడు తెలుస్తుంది. మా తొమ్మిదో తరగతి చీటీల్లో జూలైలో "ఇది జబ్బా?" అనే మాట చాలాసార్లు వచ్చింది. ఫిబ్రవరిలో ఒక చీటీ: "మా చెల్లికి ఇంకా రాలేదు, ముందే ఏం చెప్పి ఉంచాలి?" దానికి జవాబు నేను చెప్పలేదు, ఆ క్లాసు చేతే రాయించాను, ఆరో తరగతి పిల్లల కోసం ఒక పేజీ: సంచీలో ఒక ప్యాడ్, ఒక పాత పేపరు ముక్క, మార్చుకోవడానికి ఒక జత బట్టలు, బడిలో ఎవరిని అడగాలో వాళ్ల పేరు.