కరెంటు, రవాణా: రేపటి చిత్రాలు గీద్దాం (4వ పాఠం)

ఈసారి సినారియోలకు, అంటే ‘రేపు ఇలా ఉండొచ్చు’ అని మనం గీసుకునే చిత్రాలకు, పేర్లు పెట్టడం నేర్పాలనుకున్నాను. మీ అభ్యాసాలు చదివాక దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేశాను. దాదాపు అందరూ ఒకే చోట తడబడ్డారు. నేను అక్కడ రెండు వాక్యాలు చెప్పి దాటేయడమే కారణం.

ఆర్టీసీ యాజమాన్యం స్థానంలో ఉండి 2040 వరకు ఆలోచించమన్నాను. భవిష్యత్తును మార్చే రెండు విషయాలను నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీతగా గీస్తే నాలుగు గడులు వస్తాయి, ఒక్కో గడి ఒక్కో సినారియో. మీరు నిలువు గీత మీద డీజిల్ ధర రాశారు, బాగుంది. అడ్డగీత మీద ‘ఎలక్ట్రిక్ బస్సులు ఎక్కువ, తక్కువ’ అని రాశారు. ఎన్ని బస్సులు తీసుకోవాలన్నదే కదా మనం తేల్చుకోవాల్సింది! దాన్నే గీత మీద పెట్టేస్తే ఇక తేల్చుకోవడానికి ఏం మిగిలింది?

రైతును చూడండి. వాన పడుతుందా లేదా అన్నది ఆయన చేతిలో లేదు. వరి వేయాలా కంది వేయాలా అన్నది ఆయన చేతిలోనే ఉంది. ‘వరి వేసిన ఏడు, కంది వేసిన ఏడు’ అని రెండు భవిష్యత్తులు రాసుకుంటే వాన సంగతి ఆలోచించనట్టే. గీతల మీద వాన ఉండాలి. పంటను ఆ తర్వాత ఒక్కో గడిలో పెట్టి, అక్కడ నిలబడుతుందో లేదో చూడాలి.

ఒకరు మంచి ప్రశ్న వేశారు: “డిపో మేనేజర్‌కి బస్సులు పైనుంచే వస్తాయి కదా, ఆయనకు అదీ వానే కదా?” అవును, వానే. అందుకే కాగితం పైన ముందుగా ‘ఎవరి కుర్చీ’ అని రాయండి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. ప్రభుత్వానికి అది నిర్ణయం. మర్నాడు పొద్దున్నే కిక్కిరిసిన బస్సులో టికెట్లు కొట్టే కండక్టర్‌కి అది వాన. డీజిల్ ధరలోనూ రెండూ కలిసే ఉన్నాయి. పన్ను ఎంత వేయాలో ప్రభుత్వాల ఇష్టం, ముడిచమురు ధర మాత్రం వాళ్ల చేతిలో లేదు. ఢిల్లీ కుర్చీలో కూర్చుంటే ‘డీజిల్ ధర’ అని గుత్తగా రాయకూడదు, విడదీయాలి.

శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు 6 ఉన్నాయి. కిందికి వెళ్లిన నీటిని తిరిగి పైకి తోడేలా వాటిని కట్టారు. ఎప్పుడు తోడాలన్నది నిర్ణయం, కృష్ణకు ఎగువనుంచి ఎంత నీరొస్తుందన్నది వాన. ఇక్కడైతే అక్షరాలా వానే.

షెల్ చమురు కంపెనీలో సినారియోలు రాసే పియర్ వాక్ బృందం 1970ల మొదట్లో చేసిన పని కూడా ఇదే. చమురు ధర ఎగబాకే భవిష్యత్తును యాజమాన్యం ముందే ఊహించుకునేలా చేశారు. 1973 చివర్లో 3 డాలర్ల దగ్గరున్న బారెల్ కొన్ని నెలల్లోనే 11 దాటింది.

నా పద్ధతి ఇది. పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో గీస్తాను. ‘మధ్యస్థం’ అనే సినారియో రాయనే రాయను. అదుంటే అందరూ అందులోకే వెళ్లి కూర్చుంటారు, మిగతావి ఎవరూ చదవరు.

నిర్ణయాన్ని గడిలో పరీక్షించేటప్పుడు లెక్క వేయండి. డిపోలో 80 బస్సులు, ఒక్కోటి రోజుకు 200 కిలోమీటర్లు, కిలోమీటరుకు 1.25 యూనిట్ల కరెంటు అనుకుందాం. మొత్తం 20,000 యూనిట్లు. రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 4 లోపు ఎక్కించాలంటే నష్టాలు కలపకుండానే 4 మెగావాట్లు కావాలి. ఆ వేళకు సోలార్ ఉండదు. బస్సులన్నీ షెడ్డులో ఛార్జర్లకు తగిలించి ఉంటాయి. ‘సోలార్ బాగా చౌక’ అన్న గడిలో కూడా ఈ డిపోకి రాత్రి కరెంటు ఎక్కడిదో చెప్పాల్సిందే. మధ్యాహ్నం గంటసేపు కొన్ని బస్సులను ఆపి ఛార్జ్ చేస్తే ఎలా ఉంటుందో కూడా చూడండి. నాకైతే అదే ఇష్టం, కానీ ట్రిప్పులు తగ్గుతాయి.

అభ్యాసం: మీ ఊరి డిపోని తీసుకోండి. 2040 దాకా దాని మీద ప్రభావం చూపే 12 విషయాలు రాయండి. డిపో మేనేజర్, ఆర్టీసీ యాజమాన్యం, రాష్ట్ర ప్రభుత్వం, ఈ మూడు కుర్చీల్లోనూ కూర్చుని ప్రతిదాని పక్కన ‘వాన’ లేదా ‘పంట’ అని గుర్తు పెట్టండి. మూడు చోట్లా ‘వాన’గా మిగిలినవాటిలోంచి రెండు గీతలు ఎంచుకోండి. గీతలు గీసేముందు ఒక సాయంత్రం 6 నుంచి 9 దాకా బస్టాండ్‌లో కూర్చుని, ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆగుతుందో రాసుకు రండి.