తిండిలో గాజు ముక్క వచ్చి గాయమైతే: కేసు నిలబడాలంటే ఏం చేయాలి

ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున ఇలాంటి క్లెయిములు పరిశీలించడం నా ఉద్యోగం. అంటే హోటల్ పక్షాన కూర్చుని, మీ మాటలో ఎక్కడ లొసుగు దొరుకుతుందా అని వెతికేది నేనే. గాయం కాలేదని మేం సాధారణంగా వాదించం. "ఆ ముక్క మా వంటలోదేనని రుజువేంటి?" అంటాం.

కాబట్టి ముందు ముక్కను కాపాడుకోండి. కడగొద్దు, తుడవొద్దు. టిష్యూలో చుడితే చెత్తబుట్ట పాలవుతుంది. పక్కన ఒక నాణెం పెట్టి ముక్కకీ, ప్లేటుకీ, మిగిలిన తిండికీ, బిల్లుకీ ఫొటోలు తీయండి. ముక్కను మూత ఉన్న చిన్న డబ్బాలో వేసి, తిండిని విడిగా ఫ్రీజర్‌లో పెట్టండి. మేనేజర్ వచ్చి "ఇలా ఇవ్వండి సార్, కిచెన్‌లో కనుక్కుంటాం" అంటాడు. చూపించండి, చేతికివ్వొద్దు. లోపలికెళ్లిన ముక్క తిరిగొస్తుందన్న నమ్మకం నాకు లేదు.

ఇంత జాగ్రత్త ల్యాబ్ కోసం. గాజు ముక్కలో కాంతి ఎంత వంగుతుందో కొలిచి, ఆ హోటల్ గ్లాసులతో పోల్చవచ్చు. పురుగైతే, దాని ఒంట్లో ఉండే ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఇంకా పనిచేస్తోందా అని పరీక్ష చేస్తారు. బాగా వేడి తగిలితే ఆ ఎంజైమ్ పనిచేయదు. ఇంకా పనిచేస్తోందంటే పురుగు వండిన తర్వాత పడిందని అనుమానం. ఆ మాట దొరికితే చాలు, "మీ టేబుల్ మీదే పడి ఉంటుంది" అని మా లాయర్ అందుకుంటాడు. ఇక రాయి అనుకున్నది మీ పంటికి పెట్టిన పాత సిమెంట్ ముక్కే కావచ్చు. అది కోర్టులో తేలేకంటే ముందే డెంటిస్టు దగ్గర తేలితే మీకే మంచిది.

డాక్టర్ దగ్గరికి అదే రోజు వెళ్లండి. కేస్ షీట్‌లో ఉత్త "పన్ను నొప్పి" అని రాస్తే లాభం లేదు. ఏం తింటుండగా, ఏది తగిలి, ఏ వైపు విరిగిందో రాయించండి. మేం మొదట చదివేది ఆ కాగితమే. పాత చికిత్సలు దాచొద్దు, ఎక్స్‌రేలు ఎలాగూ బయటికొస్తాయి.

సీసీటీవీ ఫుటేజీ ఎక్కువ కాలం ఉండదు, భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా అడగండి. బిల్లు మాఫీ చేసి సంతకం అడిగితే, "ఇకపై ఏ క్లెయిమూ లేదు" అనే వాక్యం ఉందేమో చూడండి.

ఎముక గుచ్చుకుంటే కథ వేరు. చేపల సూప్‌లో ముల్లు రావడం ఊహించదగ్గదేనని 1964లో అమెరికాలోని మసాచుసెట్స్ కోర్టు కేసు కొట్టేసింది. 2024లో ఒహాయో సుప్రీంకోర్టు మరీ ముందుకెళ్లి, "బోన్‌లెస్" అంటే వండే పద్ధతే తప్ప ఎముక ఉండదన్న హామీ కాదంది. అదీ 4-3 మెజారిటీతో. నాకైతే ఓడిన ముగ్గురి మాటే సబబనిపిస్తుంది, నా జీతం ఎవరిచ్చినా సరే. గాజుకీ లోహానికీ మాత్రం ఈ వాదన నడవదు.

వినియోగదారుడి పట్ల తయారీదారుకి బాధ్యత ఉంటుందని 1932లో బ్రిటన్‌లో తీర్పు రావడానికి కారణం జింజర్ బీర్ సీసాలో నత్త వచ్చిందన్న ఫిర్యాదు. తర్వాత రాజీ కుదిరింది. ఆ సీసాలో నత్త నిజంగా ఉందో లేదో ఏ కోర్టూ తేల్చనే లేదు. మీ కేసూ రాజీతోనే ముగియవచ్చు. అందుకే చికిత్స పూర్తయ్యి, మొత్తం ఖర్చు తెలిసేదాకా అంకె చెప్పొద్దు. అలాగని దావా గడువు దాటనివ్వొద్దు. అది చోటును బట్టి మారుతుంది, మీ లాయర్‌ని మొదటి రోజే అడగండి.