చేత్తో గ్రీటింగు కార్డు – మూడో పాఠం: వీణ మీద బంగారు పొడి

పోయిన పాఠంలో కార్డు మీద అచ్చు వేయడానికి చెరిపే రబ్బరు మీద వీణ చెక్కమన్నాను. చెక్కినవాళ్ళు సిరా జోలికి వెళ్ళే ముందు దాన్ని ఒకసారి అద్దానికి చూపించండి. అద్దంలో కుండ, అంటే వీణ గుండ్రటి బుర్ర, మీ ఎడమ పక్కన, రెండో చివర ఉండే సింహం లాంటి యాళి ముఖం కుడి పక్కన కనిపించాలి. కాగితం మీద పడేది అదే. అటుది ఇటైతే ఆ రబ్బరు చెరుపుకోడానికే పనికొస్తుంది, ఇంకోటి కొనుక్కోండి.

ఇంత ఖచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి వీణ తిరగబడింది. ట్రేసింగు కాగితం మీద గీసి బోర్లించి రుద్దడానికి బద్ధకించి, పెన్సిలుతో నేరుగా రబ్బరు మీదే గీసేశాను. అచ్చు శుభ్రంగా పడింది, నాకు సంబరం. మా వీధిలో వీణ నేర్పే మామ్మగారికి చూపిస్తే కళ్ళజోడు పైకి ఎత్తి, "ఏటమ్మా, ఇది ఎడం చేతి వాటం వాళ్ళ వీణా?" అన్నారు. ఆవిడ మన విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకున్న మనిషి. 1919లో పెట్టిన కాలేజీ అది, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. అలాంటి చోట చదివినావిడ కంటికి ఇలాంటివి దొరక్కుండా ఉంటాయా? కుండ వాయించేవాళ్ళ కుడి పక్కన ఉంటుంది కాబట్టి ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ఎడమ పక్కన కనిపించాలి. నేను వీణని చూడ్డమే గానీ ఏ పక్కన ఏముందో ఎప్పుడూ పట్టించుకోలేదు.

వీణ పొడుగు కర్ర, అంటే దండి, మీద అడ్డంగా ఉండే మెట్లు 24 చెక్కాలా అని మీకు అనుమానం రావచ్చు. నాలుగు సెంటీమీటర్ల రబ్బరు మీద అన్ని పట్టవు, ఎనిమిది గాట్లు చాలు. ఏడు తంత్రుల బదులు ఒక్క గీత. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో చేసే బుల్లి బహుమతి వీణ ఇంట్లో ఉంటే దాన్ని ముందు పెట్టుకుని చూడండి. చిన్న సైజులో ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో ఆ పనివాళ్ళ చేతికి బాగా తెలుసు. మెట్లు తగ్గించినందుకు మామ్మగారు ఏమీ అనలేదు.

ఇక ఈ పాఠం. పెళ్ళి శుభలేఖ అందగానే వరుడి పేరు మీద వేలు పెట్టి తడిమే అలవాటు మనలో చాలామందికి ఉంది. కొన్ని శుభలేఖల మీద అక్షరాలు నున్నగా, ఉబ్బెత్తుగా తగులుతాయి. తడి సిరా మీద సన్నటి పొడి చల్లి, మిగిలింది లాగేసి, వేడి కింద నుంచి పంపిస్తే ఆ పొడి కరిగి అలా పొంగుతుంది. ప్రెస్సులో మెషీను చేసే ఆ పనినే మనం బల్ల మీద చేత్తో చేస్తాం. పేరు ఎంబాసింగు.

కావలసినవాటిలో కొనక తప్పనిది ఎంబాసింగ్ పౌడరు, చిన్న సీసా. అందరూ ముందు బంగారు రంగే కొంటారు, నేనూ అంతే. సీసా మీద సన్న గీతలకి అని రాసి ఉన్న రకం తీసుకోండి, ముతక రకం మన ఎనిమిది మెట్లనీ కలిపి ముద్ద చేసేస్తుంది. సిరా నెమ్మదిగా ఆరేది కావాలి. పిగ్మెంటు సిరా దిండు గానీ, రంగులేని ఎంబాసింగ్ సిరా గానీ సరిపోతుంది. ఆఫీసుల్లో ముద్రలు వేసే ఊదారంగు దిండుతో మొదలుపెట్టకండి. ఆ సిరా చూస్తూండగానే కాగితంలోకి ఇంకిపోతుంది, పొడి అక్కడక్కడా అంటుకుని వీణకి మశూచి పోసినట్టు ఉంటుంది. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే మందుల షాపులో దొరికే గ్లిజరిను నాలుగు చుక్కలు స్పాంజి ముక్క మీద వేసి అద్దండి. గీత కాస్త లావుగా వస్తుంది గానీ నేర్చుకోడానికి బాగానే పనిచేస్తుంది.

అట్ట కొనక్కర్లేదు. శుభలేఖలు వేసే ప్రెస్సుల్లో కటింగుకి మిగిలిన ముక్కలు అడిగితే ఇస్తారు. ముదురు మెరూన్ ముక్క దొరికితే వదలకండి, దాని మీద బంగారు రంగు పట్టుచీర అంచులా లేస్తుంది. మొదటి పాఠంలో ఏ4 అట్టని సగానికి కోసి మడిచాం కాబట్టి మన కార్డు 105 × 148 మిల్లీమీటర్లు. ఆ కార్డు మీద నేరుగా అచ్చు వేయకండి. ఆరుకి ఎనిమిది సెంటీమీటర్ల ముక్క మీద వేసి, బాగా వచ్చినదాన్ని కార్డుకి అంటిద్దాం. చెడితే ముక్కే పోతుంది, కార్డు మిగులుతుంది.

ఇప్పుడు చెమ్మ సంగతి. ఈ పాఠంలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఇదే గుర్తుంచుకోండి. దసరాకి కార్డులు చేస్తున్నాం, మన జిల్లాల్లో దసరా అంటే తుఫాన్ల కాలం కూడా. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తుఫాను లేకపోయినా ఈ నెలల్లో అప్పడాల డబ్బా మూత తీసి పెడితే ఏమవుతుందో మీకు తెలుసు, అట్టకీ అదే అవుతుంది. చెమ్మ పీల్చిన అట్ట మీద పొడి పోస్తే సిరా ఉన్నచోటే కాకుండా అంతటా పట్టుకుంటుంది. కరిగాక వీణ చుట్టూ బంగారు ఇసక చల్లినట్టు కనిపిస్తుంది. అందుకని అచ్చు వేయకముందే ముక్కని కొద్ది సెకన్లు వేడి చూపించి ఆరబెట్టాలి. తర్వాత పౌడరు మూట. పల్చటి పాత నూలు గుడ్డలో రెండు చెంచాల ముఖం పౌడరు కట్టి, అట్ట మీద తేలిగ్గా అద్దండి. మన వేళ్ళ జిడ్డు పడ్డచోట కూడా పొడి అంటుకుంటుంది, ఈ మూట ఆ జిడ్డుని తీసేస్తుంది. మరీ ఎక్కువ అద్దితే సిరా సరిగా పట్టదు, పైపైన చాలు.

అచ్చు వేసేటప్పుడు అట్ట కింద నాలుగైదు మడతలు న్యూస్‌పేపరు పరవండి. రబ్బరుని సిరా దిండు మీద నొక్కొద్దు. దిండునే పట్టుకుని రబ్బరు మీద తడుతూ పోతే సిరా గాట్లలోకి దిగదు. రబ్బరు నిటారుగా దించి, అరచేత్తో సమంగా నొక్కి, నిటారుగానే లేపండి. అటూ ఇటూ ఊపితే అంచులు రెండేసి పడతాయి.

ఇప్పుడు ఫ్యాను ఆపండి. స్విచ్చి దగ్గరికి వెళ్ళి మరీ ఆపండి. ఒకరోజు పొద్దున కరెంటు లేనప్పుడు ఎలాగూ ఫ్యాను తిరగట్లేదు కదా అని బల్ల మీద సీసా మూత తీసి, పొడి పోసి, మిగిలింది మడత కాగితంలోకి వంపాను. అంతలో కరెంటు వచ్చింది. స్విచ్చి వేసే ఉందని నాకు గుర్తే లేదు. పక్కన కూర్చుని ఉప్మా తింటున్న మా చిన్న గుంటడు తలెత్తేసరికి కనుబొమల దాకా బంగారం. ఉప్మా పారబోశాం. గదిలో ఆ మెరుపు సంక్రాంతికి వెల్ల వేసేదాకా పోలేదు.

ఫ్యాను ఆగాక, అచ్చు మీద పొడి ధారాళంగా పోయండి, పొదుపు వద్దు. మిగిలిందంతా మళ్ళీ సీసాలోకే వెళుతుంది. ముక్కని ఏటవాలుగా పట్టుకుని వెనక నుంచి వేలితో ఒక్క చిటికె కొడితే వదులు పొడి మడత కాగితంలోకి రాలిపోతుంది. ఇంకా ఒకటీ అరా గింజలు పక్కన మిగిలితే ఆరిన సన్న కుంచెతో తీసేయండి. కరిగాక గోరుతో గీకినా రావు. ఇక్కడి దాకా పది నిమిషాల్లోపు అయిపోవాలి, సిరా ఆరిపోతే పొడి దేన్ని పట్టుకుంటుంది?

వేడికి హీట్ గన్, అంటే బాగా వేడి గాలి ఊదే పరికరం, ఉండాలి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు సరిపోదా అని చాలామంది అడుగుతారు. దానికి గాలి ఎక్కువ, వేడి తక్కువ. పొడి కరిగేలోపే ఎగిరిపోతుంది. గన్ లేనివాళ్ళకి మన వంటింట్లోనే దారి ఉంది. పాత ఇనప అట్ల పెనం బాగా కాల్చి, పొయ్యి ఆపేసి, ముక్కని పట్టకారుతో పట్టుకుని, అచ్చు పైకి ఉండేలా, వీపు పెనానికి ఆనీ ఆననట్టు ఉంచండి. కొవ్వొత్తి మీద, గ్యాసు మంట మీద మాత్రం వద్దు. మసి పడుతుంది, అట్ట అంటుకున్నా అంటుకుంటుంది. గన్ అయినా పెనం అయినా పెద్దవాళ్ళే పట్టాలి.

గన్‌ని ముందు పక్కకి తిప్పి పది, పదిహేను సెకన్లు వేడెక్కనివ్వండి. తర్వాత అట్టకి మూడు అంగుళాల ఎత్తున, కుండ చివర నుంచి మొదలుపెట్టండి. కళ్ళు అట్టకి ఏటవాలుగా ఉంచితే కరగడం కనిపిస్తుంది. మొదట ఏమీ జరగదు. పొడి పొడిగా, మట్టిలా ఉంటుంది. ఉన్నట్టుండి ఒక మూల తడిసినట్టు మెరుస్తుంది, గింజలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఒకే గీత అవుతాయి. మెరుపు కనిపించిన మరుక్షణం గన్ ముందుకి జరపాలి. అరిసెల పాకం పట్టినవాళ్ళకి ఈ క్షణం వేరే చెప్పక్కర్లేదు. మెరుపు దండి వెంట పాక్కుంటూ వెళ్ళి యాళి ముఖం దగ్గర ఆగేది చూడ్డానికే నేను ఇప్పటికీ ఈ పని చేస్తుంటాను.

ఎక్కువ కాల్చారా, పొంగు అణిగిపోతుంది, అట్ట మీద నూనె మరక దిగుతుంది. దానికి మందు లేదు. తక్కువ కాలితే గీత నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా ఉంటుంది, దానికి ఇంకోసారి వేడి చూపిస్తే సరి. కరిగినదాన్ని ఒక నిమిషం ముట్టుకోకండి, వేలిముద్ర అలాగే ఉండిపోతుంది. చల్లారాక అట్ట వంగి ఉంటే లావుపాటి పుస్తకం కింద పెట్టండి.

పొడీ వేడీ లేకుండా ఒట్టి ఒత్తుడుతో చేసే ఎంబాసింగు కూడా ఉంది, కార్డు అంచుకి పనికొస్తుంది. పాత ఎక్స్‌రే ఫిల్ములో చిన్న ముగ్గు ఆకారం కత్తిరించి, కార్డు ముందు వైపున పెట్టి టేపు అంటించి, మొత్తం తిప్పి కిటికీ అద్దానికి ఆనించండి. వెలుగులో ఆకారం కనిపిస్తుంది. సిరా అయిపోయిన బాల్ పెన్నుతో దాని అంచుల వెంట వెనక నుంచి మెల్లగా ఒత్తితే ముందు వైపు ముగ్గు లేస్తుంది. ఇది వీణ ముక్క అంటించకముందే చేసేయండి. కరిగి గట్టిపడ్డ పొడి మీద ఒత్తిడి పడితే పగులుతుంది.

వచ్చే పాఠం దాకా ఒకే వీణని ఆరు ముక్కల మీద వేయండి. ఒకదాన్ని కావాలనే మాడ్చండి, ఒకదాన్ని సగంలో ఆపండి. వెనకాల పెన్సిలుతో ఏది ఏమిటో రాసి దాచుకోండి. నాలుగో పాఠంలో కవరు చేస్తాం. ఉబ్బెత్తు అచ్చు పోస్టులో నలగకుండా చేరాలి కాబట్టి దానికి కార్డు కొలత కన్నా అన్ని వైపులా ఎంత వదలాలో ముందు తేల్చుకోవాలి. పాత శుభలేఖల కవర్లు రెండు మూడు అతుకులు విప్పి పరిచి ఉంచుకోండి, చింపొద్దు.