నురగ తక్కువ వచ్చే నీటితోనూ ఒళ్లు శుభ్రపడేలా స్నానం చేయడం ఎలా?

గోదావరి డెల్టాలో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువ నీటితో స్నానం చేసేవారికి సబ్బును రెండుసార్లు రుద్దగానే చేతి నిండా నురగ వస్తుంది. అదే సబ్బు తీరానికి దగ్గరలోని ఉప్పు బోరు నీటిలో ఎంత అరగదీసినా నురగకు బదులు తెల్లని తెట్టునే మిగులుస్తుంది. వేసవిలో కాలువలు కట్టేసి చెరువుల్లో నీరు అడుగంటినప్పుడు, ఏడాదంతా కాలువ నీటికి అలవాటుపడిన ఇళ్లలో కూడా ఈ ఇబ్బంది మొదలవుతుంది. నురగ రాలేదు కాబట్టి మురికి పోలేదని భావించి చాలామంది మళ్లీ మళ్లీ సబ్బు రుద్దుకుంటారు, దానివల్ల సబ్బు వృథా కావడమే కాక చర్మం కూడా ఎండిపోతుంది.

సబ్బు అణువుకు ఒక కొస నీటిని, రెండో కొస జిడ్డును పట్టుకుంటుంది. చర్మం మీద చెమట, దుమ్ము, మృతకణాలు జిడ్డుతో కలిసి అంటుకుని ఉంటాయి. సబ్బు అణువులు ఆ జిడ్డును చిన్న చిన్న బిందువులుగా విడగొట్టి, చుట్టుముట్టి, నీటితోపాటు కొట్టుకుపోయేలా చేస్తాయి. ఈ పనంతా చర్మాన్ని తాకి ఉన్న సబ్బు నీటి పొరలోనే జరుగుతుంది. నురగ మాత్రం పలుచని సబ్బు నీటి పొరల మధ్య చిక్కుకున్న గాలి. ముందు తలుపు ఉండే వాషింగ్ మెషీన్ల కోసం నురగ తక్కువ వచ్చేలా కావాలనే తయారుచేసిన పొడులు బట్టలను చక్కగా శుభ్రం చేయడమే శుభ్రతకు నురగ తప్పనిసరి కాదనడానికి మంచి రుజువు.

అయితే నురగకు అర్థమే లేదని అనుకోవడం కూడా సరికాదు. సబ్బుకు సరిగా నురగ రాని నీటిని కఠినజలం అంటారు. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి దానిని నీటిలో కరగని తెట్టుగా మారుస్తాయి. అలా తెట్టుగా మారిన సబ్బు మురికిని వదిలించలేదు. ఒంటి మీద జిడ్డు ఎక్కువగా ఉన్నప్పుడు కూడా సబ్బు ఆ జిడ్డును పట్టుకోవడంలోనే ఖర్చయిపోయి నురగ అణిగిపోతుంది. అంటే మామూలు సబ్బు విషయంలో నిలిచే నురగ, ఇంకా పని చేయగల సబ్బు మిగిలి ఉందని తెలియజేస్తుంది. దానిని శుభ్రతకు కొలతగా తీసుకోకూడదు.

మొదట నీటిని పరీక్షించుకోవాలి

ఒకే కొలత ఉన్న రెండు ఖాళీ సీసాలు తీసుకుని, ఒకదానిలో సగం వరకు ఇంటి నీటిని, రెండో దానిలో అంతే వాన నీటిని పోయాలి. రెండింటిలోనూ పెసరగింజంత సబ్బు తురుము వేసి, అది కరిగేవరకు ఉంచి, గట్టిగా కుదపాలి. వాన నీటి సీసాలో నురగ నిలిచి, ఇంటి నీటిలో తెల్లని పలుకులు తేలితే ఆ నీరు కఠినమైనదని గ్రహించవచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండ్‌లోని అబెర్డీన్‌లో రసాయనశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసిన థామస్ క్లార్క్ నీటి కాఠిన్యాన్ని సబ్బు ద్రావణంతో కొలిచే పద్ధతిని రూపొందించాడు, మనం ఇంట్లో చేసేది దాని సులభ రూపమే. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యాన్ని ఆమోదయోగ్యమైన హద్దుగానూ, వేరే నీరు దొరకనప్పుడు 600 మిల్లీగ్రాములను గరిష్ఠ హద్దుగానూ పెట్టింది.

తర్వాత నీటిని, సబ్బును అమర్చుకోవాలి

బైకార్బొనేట్లు అనే రకం లవణాల వల్ల వచ్చే కాఠిన్యం నీటిని మరిగిస్తే తగ్గుతుంది, గిన్నె అడుగున పేరుకునే తెల్లని పొర అదే. మరిగించిన నీటిని తేరనిచ్చి పైనీటిని వాడుకోవాలి. ఉప్పదనం మాత్రం మరిగించినా పోదు. కాలువ నీటిలో పటిక తిప్పే అలవాటు మన ఇళ్లలో ఉంది గానీ, పటిక బురదను అడుక్కి దించుతుందే తప్ప కాఠిన్యాన్ని తీయదు. చాకలి సోడా కాఠిన్యాన్ని తీస్తుంది, కానీ దాని క్షారం ఘాటైనది కాబట్టి స్నానపు నీటిలో కలపకూడదు. కాలువ నీరో వాన నీరో ఒక్క బకెట్ మాత్రమే దొరికితే, ఒళ్లు తడుపుకోవడానికి బోరు నీటిని వాడి, మంచి నీటిని సబ్బు రుద్దుకోవడానికీ చివరి చెంబులకూ దాచుకోవాలి.

సబ్బు కొనేటప్పుడు కాగితం మీద టి.ఎఫ్.ఎం. అంకెను చూడాలి. ఇది సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం శాతాన్ని తెలుపుతుంది. ఒంటి సబ్బుల్లో మొదటి శ్రేణికి కనీసం 76, రెండో శ్రేణికి 70, మూడో శ్రేణికి 60 శాతం ఉండాలి. ఈ అంకె పెద్దదైనంత మాత్రాన నురగ ఎక్కువ రావాలని లేదు, ఎందుకంటే నురగ ఏ నూనెతో సబ్బు చేశారన్న దానిపై ఆధారపడుతుంది. కోనసీమలో పుష్కలంగా దొరికే కొబ్బరినూనెలో లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ. అందువల్ల దానితో చేసిన సబ్బు త్వరగా కరిగి, ఉప్పు నీటిలో కూడా నురగనిస్తుంది. ఉప్పు బోరు నీరే దిక్కయిన ఇళ్లకు దానినే నేను సూచిస్తాను. అయితే కొబ్బరినూనె వంతు మరీ ఎక్కువైన సబ్బు చర్మాన్ని ఎండబెడుతుంది కనుక పొడి చర్మం ఉన్నవారు కాళ్లకూ చేతులకూ తక్కువగా వాడాలి.

స్నానం చేసే పద్ధతి

పొలం నుంచి వచ్చినవారు ముందుగా మట్టిని వట్టి నీటితోనే కడిగేసుకోవాలి. మట్టి మీద సబ్బు రుద్దడం వృథా. సబ్బును నేరుగా ఒంటికి అరగదీయకుండా, తడి అరచేతుల్లో రుద్ది, ఆ చేతులతో చంకలు, గజ్జలు, పాదాలు, వేళ్ల సందులు, చెవుల వెనుక భాగం నెమ్మదిగా రుద్దుకోవాలి. ఈ చోట్ల నురగ వచ్చినా రాకపోయినా రుద్దడం ఆపకూడదు, ఎందుకంటే మురికిని కదిలించేది చేతి రాపిడే. నూనె అంటుకుని తలంటు పోసుకునే రోజున మొదటిసారి నురగ రాకపోతే ఆశ్చర్యపడనక్కరలేదు. ఒకసారి కడిగి రెండోసారి రుద్దితే నురగ నిలుస్తుంది. సున్నిపిండికి నురగే ఉండదు, అయినా అది నూనెను పీల్చుకుని, రాపిడితో మురికిని ఊడదీస్తుంది. కుంకుడు రసంలో నురగ వచ్చేది అందులో సహజంగా ఉండే, సబ్బులా నురగనిచ్చే సాపోనిన్లు అనే పదార్థాల వల్ల.

కడుక్కోవడంలో తొందర పనికిరాదు. బోరు నీటితో స్నానం చేసినప్పుడు తెట్టు చర్మానికి అంటుకుని దురద పుట్టించవచ్చు కాబట్టి, మడతలున్న చోట్ల చేత్తో తుడుస్తూ నీళ్లు పోసుకోవాలి. తర్వాత తువ్వాలుతో అద్దుకుని, ఒళ్లు కాస్త తడిగా ఉండగానే కొద్దిగా నూనె రాసుకుంటే తడి ఆరిపోదు.

చేతుల విషయం వేరు

భోజనానికి ముందు, మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక, రొయ్యల చెరువు పని ముగిశాక చేతులను సబ్బుతో కనీసం 20 సెకన్లపాటు రుద్దాలి. తడుపుకోవడం నుంచి తుడుచుకోవడం దాకా మొత్తం పనికి 40 నుంచి 60 సెకన్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గోళ్ల అంచులు, బొటనవేళ్లు తరచూ మరిచిపోయే చోట్లు. ఏరేటర్లు (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాలు), డీజిల్ ఇంజన్లు బాగుచేసినవారు గ్రీజు అంటిన చేతులకు వెంటనే సబ్బు పెట్టకుండా, ముందు కొద్దిగా కొబ్బరినూనె పొడి చేతులకే పట్టించి, గ్రీజు కరిగాక గుడ్డతో తుడిచేసి, ఆపై సబ్బుతో కడుక్కోవాలి. డీజిల్‌తో గానీ కిరోసిన్‌తో గానీ చేతులు కడుక్కోకూడదు, అవి చర్మంలోని సహజమైన జిడ్డును లాగేసి చేతులు పగిలేలా చేస్తాయి.